అత్తగారు లేని సినిమా

పోయిన వారం హాల్లో సినిమా అయిపోయి దీపాలు వెలిగేసరికి రెండు వరుసల నిండా కూర్చున్న చుట్టాలూ స్నేహితులూ తెర వైపు కాకుండా అత్తగారి వైపు చూస్తున్నారు.

చూడరూ మరి! అంతమందీ వచ్చింది ఆవిడ కోసమే. పెళ్ళితో నటన మానేసి, పిల్లలు స్థిరపడి, మామగారు పోయి, తల పూర్తిగా నెరిశాక మళ్ళీ మొహానికి రంగు వేసుకుంది ఆవిడ. బాలీవుడ్‌లో ఇంత ఖరీదైన కుటుంబ కథ ఇంతవరకూ రాలేదని ఊరూవాడా మోగిపోయిన ఆ సినిమాలో ఆవిడకు ఒక మంచి సీను ఉంది. ఉండాలి. తీరా చూస్తే ఓ పెళ్ళిపాటలో, పూలదండల వెనక, ఆవిడ భుజమూ సగం చెవీ కనిపించి మాయమయ్యాయి. తక్కినదంతా కత్తెర పాలైంది. ఆ కత్తెర పట్టుకున్న ఎడిటరు ఎవరో కాదు, ఆవిడ సొంత కోడలు.

"డైరెక్టరుగారు తీసెయ్యమన్నారు అత్తయ్యా. నేనేం చెయ్యను?" అంది కోడలు, హాలు మెట్లు దిగుతూ.

అది పచ్చి అబద్ధం. అత్తగారు దాన్ని నమ్మింది. నమ్మి ఊరుకుందా? కోడలి వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. "మన లైనులో ఇవన్నీ మామూలే అమ్మాయ్. నువ్వు మనసులో పెట్టుకోకు" అని తిరిగి ఆమెనే ఓదార్చింది.

ఆ చెయ్యి పడిన చోట ఇంకా చురచురలాడుతూనే ఉంది కోడలికి.

మర్నాడు పొద్దుటినుంచీ ఇంట్లో ఫోనుకు తెరిపి లేదు. వచ్చిన ప్రతి ఫోనూ అత్తగారే ఎత్తింది.

"చూశారా? ఆఁ, నేను లేను లెండి. సగం చెవి ఉంది. అది నాదేనని ఒట్టేసి చెప్పగలను!" అని నవ్వేది. "పోనిద్దురూ. ఆ సెట్టులో దీపాలు చూశారా, ఎంత బాగున్నాయో!"

వంటింట్లో కోడలు కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది. అత్తగారు కోపగించుకుని ఉంటే, కనీసం ముభావంగా తిరుగుతూ ఉంటే, ఆమెకు ఎంతో కొంత తేలికపడేది. ఆవిడ నవ్విన ప్రతిసారీ ఎవరో చెంప మీద కొట్టినట్టే ఉంది.

మధ్యాహ్నం భోజనానికి భర్త వచ్చాడు. ఆయన పళ్ళ డాక్టరు. కొన్నాళ్ళుగా కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న ప్రతి పేషెంటుకీ "మా అమ్మ సినిమా. మీరు తప్పకుండా రావాలి" అని చెబుతూ వచ్చాడు. నోట్లో పనిముట్లుండగా కాదనడం ఎవరి తరం? అందరూ తలలూపారు. ఊపినందుకు వచ్చారు కూడా.

"ఇవాళ ఒకాయన పన్ను పీకించుకున్నాడమ్మా" అన్నాడు చేతులు కడుక్కుంటూ. "డాక్టరుగారూ, నిన్నటి సినిమా కంటే ఇదే నయమండీ, ఇక్కడ మత్తయినా ఇచ్చారు, అన్నాడు."

అత్తగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కోడలు నవ్వలేకపోయింది. పత్రికలదీ అదే పాట. నటుల కన్నా వాళ్ళు వేసుకున్న బట్టలు బాగా నటించాయని ఒకరు రాశారు. సినిమా అంతా ఎవరో ఒకరు పాలరాతి మెట్లు దిగుతూనే ఉన్నారు, దిగి ఏం చేశారో మాత్రం తెలియలేదని ఇంకొకరు. మొత్తానికి అందరూ ఒప్పుకున్న మాట ఒకటుంది. అంత పెద్ద ఇంట్లో, అంతమంది జనంలో, ఒక్క మనిషి మరో మనిషితో మనసు విప్పి మాట్లాడినట్టు లేదట.

ఆ మాట చదివినప్పుడు కోడలు పేపరు మడిచి, మిగతా పేపర్ల కింద పెట్టేసింది. అలా మాట్లాడటానికి ప్రయత్నించిన సీను ఒకే ఒక్కటి ఉందని ఆమెకు తెలుసు. అదిప్పుడు ఎక్కడుందో కూడా ఆమెకే తెలుసు.

సాయంత్రానికి ఆడపడుచు వచ్చింది. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"ఏం వదినా, మా అత్తింటి వాళ్ళందరినీ వెంటేసుకుని వచ్చాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. చేతిలో పని పెట్టుకుని అమ్మను అలా గాలికి వదిలేస్తావా?"

"దాన్నెందుకే అంటావు?" అని అత్తగారు కూతురి మీద కసిరింది. "డైరెక్టరు తియ్యమన్నాక తియ్యకపోతే దాని ఉద్యోగం ఉంటుందా? కూర్చో. కాఫీ తాగు."

కోడలు కాఫీ కప్పు ఆడపడుచు చేతికిచ్చింది. కప్పు కింద సాసరు టకటకమని చప్పుడు చేసింది. ఆడపడుచు ఆ చప్పుడు విని వదిన మొహంలోకి ఒకసారి చూసింది.

సరిగ్గా అప్పుడే వీధిలో పెద్ద కారు ఆగింది. ఆగడం అంటే ఆగడం కాదు, ఆ సందులో ఇరుక్కుంది. అందులోంచి ఒక పక్కకు ఒదిగి, పొట్ట లోపలికి లాక్కుని, డైరెక్టరుగారు దిగాడు.

పుట్టుకతో తెలుగువాడే అయినా ఆయన పేరు మోగింది హిందీ సినిమాల్లో. గుత్తులు గుత్తులుగా దీపాలు వేలాడకపోతే ఆయనకు సీను తియ్యడం రాదు. అందుకని యూనిట్‌లో అందరూ చాటుగా జమీందారు అంటారు. ఇవాళ మాత్రం జమీ అంతా వేలానికి పోయినవాడిలా ఉన్నాడు. గెడ్డం మాసిపోయింది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు.

"అమ్మా" అన్నాడు అత్తగారితో, "మీ ముందుకు రావడానికి నాకు మొహం చెల్లలేదు. అయినా వచ్చాను."

"అయ్యో, అదేం మాట? సినిమా అన్నాక ఒకటి ఆడుతుంది, ఒకటి ఆడదు."

"ఇది ఎందుకు ఆడలేదో నాకు తెలుసమ్మా. అంత ఇల్లు కట్టాను, అందులో మనిషి లేదంటున్నారు. ఉంది. ఆ మనిషి మీరు. మిమ్మల్ని బయటికి తోసేసి తలుపేసుకున్నాను."

గుమ్మం పక్కన నిలబడ్డ కోడలికి ఒక్క క్షణం ఊపిరాడింది. తప్పు తన మీదే వేసుకుంటున్నాడు పెద్దమనిషి. ఇక ఇంతటితో ఆగితే బాగుండు.

ఆయన ఆగలేదు.

"నా బుద్ధి గడ్డి తిని కత్తెరమ్మ మాట విన్నాను" అన్నాడు, ఆమె వైపు చెయ్యి చూపించి. ఆయన కోడల్ని పిలిచే పేరు అదే. "ఆ సీను వద్దని పూటంతా నాతో పోట్లాడింది. సాగుతోంది సార్, పాటకు అడ్డం పడుతోంది, జనం లేచిపోతారు అంది. నేను ఊహూఁ అన్నాను. మా అత్తగారి సీను తియ్యాలంటే నాకు మాత్రం బాధ లేదా సార్ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అంత మాటన్నాక ఇక నేనేమంటాను? సరే తీసెయ్ అన్నాను."

 ఆడపడుచు కప్పు నోటి దాకా వెళ్ళి అక్కడే నిలిచిపోయింది. భర్త మెల్లగా తల తిప్పి భార్యను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తను విన్నది తప్పని ఆమె చెబుతుందేమోనని ఎదురుచూస్తున్నాడు. అది కోపం కంటే ఘోరంగా ఉంది.

కోడలు నోరు తెరిచింది. 

"ఆ సీను నేనే తీసెయ్యమన్నాను" అంది అత్తగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"అవునండీ. నాకే నచ్చలేదు. నేను చేసింది నాకే బాగా అనిపించలేదు. మీకు చెబితే మీరు వినరు. అందుకని అమ్మాయిని పట్టుకుని బతిమాలాను. నా పేరు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను. పాపం, మీకూ నాకూ మధ్య అది నలిగిపోయింది."

చెక్కు చెదరకుండా, కళ్ళలోకి చూస్తూ చెప్పింది. ఇన్నేళ్ళుగా నటన మానేసిందన్న మాటేగాని, ఆ పూట ఆ గదిలో ఆవిడను మించిన నటి లేదు.

"మీకు నచ్చలేదా!" జమీందారు ఆశ్చర్యపోయాడు. "సెట్లో లైట్‌బాయ్‌ల దగ్గర్నుంచి అందరూ చప్పట్లు కొట్టారు కదమ్మా!"

"చప్పట్లకేం లెండి."

"లేదమ్మా, నేను ఒప్పుకోను. ఆ సీను అతికించి ప్రింటు మార్చేస్తాను. కత్తెరమ్మా, రేపు పొద్దున్న ఎడిటింగ్ రూముకి వస్తాను. తీసి ఉంచు" అని లేచాడు.

కారు సందులోంచి వెనక్కి వెళ్ళింది.

"అమ్మా, నిజమేనా?" అన్నాడు కొడుకు.

"నేనెప్పుడైనా నీతో అబద్ధమాడానా?" అంది తల్లి. ఆ ప్రశ్నకు ఎదురు లేదు. ఆడపడుచు "సారీ వదినా, తెలీక నోరు జారాను" అని వదిన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది కోడలికి. తనకు రావలసిన తిట్లు తనకు రాకుండా పోతున్నాయి. తనకు చెందని మర్యాద వచ్చి ఒళ్ళో పడుతోంది.

వంటింట్లోకి వెళ్తూ అత్తగారు ఆమె పక్కన ఆగింది. "రేపు నేనూ నీతో వస్తానమ్మాయ్. ఆ సీను ఒక్కసారి నాకు చూపించు."

ఇన్నేళ్ళలో అత్తగారు ఎడిటింగ్ రూములో అడుగుపెట్టడం అదే మొదలు. అసలు రమ్మని తనెప్పుడూ అనలేదన్న సంగతి, తాళం తీస్తుంటే గుర్తొచ్చింది కోడలికి.

కిటికీ లేని గది అది. గోడలకు బూడిదరంగు మెత్తలు. బల్ల మీద రెండు తెరలు, వెనక డైరెక్టర్లు కునికిపాట్లు పడే సోఫా. మిషన్లు వేడెక్కకుండా చలిగా ఉంచుతారు. అత్తగారు స్వెట్టరు గుండీలు పెట్టుకుని, సోఫా వద్దని, కోడలి పక్కకే కుర్చీ లాక్కుంది.

"అత్తయ్యా, ముందు నేనొక మాట చెప్పాలి."

"చూశాక చెబుదువుగాని. వెయ్యి."

కోడలు వేసింది.

తెర మీద మహాభవనం. అంతు కనిపించని భోజనాల బల్ల. దాని చివర ఇంటి పెద్దావిడ, యజమాని అక్కగారు, పెళ్ళికి ఎవరిని పిలవాలో ఎవరిని మానాలో చూసుకుంటూ తలవంచుకుని కూర్చుంది. అత్తగారి పాత్ర అది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల భయపడుతూ వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఏదో చెప్పాలని. పెద్దావిడ తలెత్తదు. ముంజేతి వెనక వైపుతో కళ్ళజోడు పైకి తోసుకుంటుంది. "చెప్పు, వింటున్నాను" అంటుంది. పిల్ల గొంతు సవరించుకుంటుంది. "ఊఁ, చెప్పు, వింటున్నాను." పిల్ల పెదవులు కదిలి ఆగిపోతాయి. "వింటున్నానమ్మా, చెప్పు." చివరికి పిల్ల చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతుంది. కాసేపటికి పెద్దావిడ తలెత్తుతుంది. ఎదుట ఎవరూ లేరు. ఆ ఖాళీ వైపు చూస్తూ ఉండిపోతుంది.

మాట హిందీయే. గొంతు మాత్రం ఇంట్లోది.

"బాగానే చేశానే!" అంది అత్తగారు. పరీక్ష తప్పాననుకున్న పిల్లకు పాసైనట్టు తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆవిడ మొహం.

"బాగా చేశారు. బాగా చేశారు గనకే తీసేశాను" అంది కోడలు.

ఆవిడ తిరిగి చూసింది.

"అందులో మీరు నన్ను చేశారు అత్తయ్యా. ఆ కళ్ళజోడు తోసుకోవడం నాది. తలెత్తకుండా వింటున్నాను అనడం నాది. సౌండ్ చూసే ఆయన ఇక్కడే నిలబడి, మీ అత్తగారు మిమ్మల్ని అచ్చు దించేశారండీ అని పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పది మందిలో నా పరువు తియ్యాలనే చేశారనుకున్నాను. రేపు ఊరంతా చూస్తుంది, నన్ను ఎరిగినవాళ్ళంతా నవ్వుతారు అనుకున్నాను. సీను సాగుతోందని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మకపోతే ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే, మీ కోసం మాత్రం కాదు." ఆమె కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. "నిన్న మీరు నా పరువు కాపాడారు. కాపాడేంత పరువు నాకు లేదు అత్తయ్యా."

చెప్పేసి తల దించుకుంది. ఇప్పుడు పడవలసిందేదో పడుతుందని ఎదురుచూసింది.

"నిన్ను చేశానా?" అంది అత్తగారు. కోపం కాదు, వెక్కిరింపూ కాదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

ఈలోగా తెర మీద సీను అయిపోలేదు. కోడలు ఆపడం మర్చిపోయింది. ఎప్పుడు వేసినా పెద్దావిడ తలెత్తిన చోటే ఆపేసేది. ఆపైన చూడబుద్ధయ్యేది కాదు. ఎడిటరు అన్నాక చివరి ఫ్రేము దాకా చూడాలి. ఆ పాఠం కొత్తవాళ్ళకు తనే చెబుతుంది. ఈ ఒక్క సీను విషయంలో మాత్రం తను చూడలేదు.

"కట్!" అన్న కేక వినిపించింది. వెంటనే చప్పట్లు. ఒకటే హోరు. ఆ హోరులో తెర మీది మనిషి లేవలేదు, నవ్వలేదు. ఇంకా ఆ ఖాళీ వైపే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

చప్పట్లలో మాట వినబడదు. కానీ పెదవికీ మాటకూ జత కుదర్చడం కోడలికి రోజూ ఉన్న పనే. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. తెలుగులోనే అంటోంది ఆవిడ.

తర్వాతేంటి? ఎవరైనా చెప్పండి. తర్వాతేంటి?

ఆ కళ్ళలో ఉన్నది తనను వెక్కిరించడం కాదు. చీకట్లో మెట్టు కోసం తడుముకునే మనిషి భయం. ఇన్నిసార్లు ఆ మొహాన్ని ఇంత పెద్దది చేసి చూసి, తనకు కనిపించింది తన కళ్ళజోడొక్కటే.

"అత్తయ్యా, ఇదేంటి?"

"ఆపెయ్యమ్మా."

కోడలు ఆపింది. అత్తగారు స్వెట్టరు అంచును వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది.

"ఆ సీనుకు పేజీడు డైలాగు రాశారు. వంటింట్లో రోజూ వల్లెవేసేదాన్ని, నువ్వు వినే ఉంటావు."

కోడలు వినలేదు.

"నిద్రలో లేపినా చెప్పేదాన్ని. తీరా కెమెరా తిరిగేసరికి ఒక్క ముక్క లేదు. ఎవరో గుడ్డ పెట్టి తుడిచేసినట్టు పోయింది. ఎదురుగా ఆ పిల్ల నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాలి కదా? ఇంట్లో రోజూ వినే మాట అది. హిందీలో అదే నోటికొచ్చింది. ఇంకోటి రాక మళ్ళీ అదే అన్నాను, మళ్ళీ అదే. చెయ్యి కళ్ళజోడు మీదికి ఎందుకు పోయిందో నాకే తెలీదు. వాళ్ళేమో చప్పట్లు కొట్టారు. డైరెక్టరుగారు, రాసిన డైలాగు కంటే ఇదే బాగుందమ్మా అన్నారు. నేనింకా మాటలు వెతుక్కుంటూనే ఉన్నాను."

"అదే మొదటిసారా?"

అత్తగారు తల అడ్డంగా ఊపింది.

"మొన్నామధ్య మన వీధి మలుపు దాకా వచ్చి, ఎటు తిరగాలో తెలీక నిలబడిపోయాను. అప్పటికి సర్దుకుంది. పోయిన మా చెల్లెలి పేరుతో కూతుర్ని పిలిచాను, అది నవ్వి ఊరుకుంది. అబ్బాయికి చెబితే బెంబేలెత్తిపోతాడు. కూతురికి చెబితే ఊరంతా టముకు వేస్తుంది. నీకు చెబుదామనుకున్నాను. నీది నిబ్బరం గల మనసు. ఎన్నిసార్లు నీ గది గుమ్మం దాకా వచ్చానో."

వచ్చింది. కోడలికి గుర్తుంది. లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా "చెప్పండి అత్తయ్యా, వింటున్నాను" అనేది. కాసేపటికి తిరిగి చూస్తే గుమ్మంలో ఎవరూ ఉండేవారు కాదు. ఏ కూరల సంగతో అయి ఉంటుందిలే అనుకునేది.

"హాల్లో ఆ సీను రాలేదని తెలిశాక నాకెంత హాయిగా ఉందో తెలుసా? చూసినవాళ్ళు ఎక్కడ పసిగడతారోనని లోపల వణికిపోతూ కూర్చున్నాను. నిన్న ఆయనొచ్చి నువ్వే తీయించావని చెప్పగానే ఏమనుకున్నానంటే..." ఆవిడ ఆగింది. "అమ్మాయి కనిపెట్టేసింది. నా పరువు పోకూడదని ఆయనతో పోట్లాడి, ఏడ్చి, తిట్లు పడి కూడా నోరు మెదపలేదు. అలా అనుకున్నాను. అందుకే నీ తరఫున మాట్లాడాను."

అదేదో తన తప్పే అయినట్టు ఆవిడ చిన్నగా నవ్వింది.

కోడలికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆవిడ తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని క్షమించమని అడగాలి? తను చెయ్యని మంచిని తనకు అంటగట్టి, నిన్న సాయంత్రం నుంచీ ఆవిడ తనకు రుణపడి తిరిగింది. ఆ కాస్త నమ్మకాన్నీ తనిప్పుడు నోరు తెరిచి ఊడబెరికింది.

ఆమె రెండు తెరలూ ఆర్పేసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీని పూర్తిగా అత్తగారి వైపు తిప్పుకుని, ఆవిడ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"చెప్పండి అత్తయ్యా" అంది. దాని తర్వాత అలవాటుగా వచ్చే మాట గొంతులోనే ఆగిపోయింది.

అత్తగారు చెప్పింది. చాలాసేపు చెప్పింది. గ్యాసు మీద పాలు మర్చిపోవడం, తెలిసిన మొహాలకు పేర్లు తోచకపోవడం, తెల్లారి లేవగానే ఇవాళ ఏం మర్చిపోతానో అన్న బెంగ. చెబుతున్నకొద్దీ ఆవిడ భుజాలు కిందికి దిగాయి. కోడలు ఒక్కసారి కూడా చూపు తిప్పలేదు.

"అబ్బాయికి మాత్రం ఇప్పుడే చెప్పకు."

"డాక్టరుకు చూపించుకుందాం. మనిద్దరమే వెళ్దాం. ఆ తర్వాత ఆలోచిద్దాం."

"అలాగే. మరి ఆ సీను?"

"అతికించను. ఆయనతో నేను మాట్లాడతాను."

అత్తగారు ఆర్పేసిన తెర వైపు ఒకసారి చూసింది. "కానీ బాగానే చేశానుగా?" అంది మెల్లగా.

కోడలు జవాబు చెప్పేలోపే తలుపు తోసుకుని జమీందారు వచ్చాడు. నిన్నటి మనిషి కాడు. గెడ్డం గీసుకున్నాడు, కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మా, మీరూ ఇక్కడే ఉన్నారా! మంచిదైంది. రాత్రంతా ఆలోచించాను. ఆ సీను అతికిస్తే చాలదు. సినిమా ముగింపే మార్చేస్తున్నాను. ఇల్లంతా ఖాళీ అయిపోతుంది, అందరూ వెళ్ళిపోతారు. మీరొక్కరే మిగులుతారు. ఒంటరిగా, ఆ బల్ల ముందు కూర్చుని, మీ మనసులో ఉన్నదంతా చెప్పేస్తారు. సెట్టు ఇంకా పడగొట్టలేదు. రేపే షూట్ చేసేద్దాం. ఇదిగో, డైలాగు కూడా రాయించాను. మీ కోసం హిందీని తెలుగు అక్షరాల్లో కొట్టించాను" అని కాయితం చాచాడు.

కోడలు అందుకోబోయింది. ఆమె కంటే ముందు అత్తగారి చెయ్యి వెళ్ళింది.  ఆవిడ మొహంలో ఇందాకటి వెలుగు మళ్ళీ వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి, పిలుపు వచ్చిన మనిషి మొహం అది.

"సార్, ఒక్క నిమిషం బయటికి వస్తారా" అంది కోడలు.

"బయటికెందుకు? ఇక్కడే అడుగుతాను, అమ్మ ముందే చెప్పు." జమీందారు ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మునిగిపోయినవాణ్ణి, నాకు మిగిలింది ఇదొక్కటే. ఈసారి ఏడవకుండా నిజం చెప్పు కత్తెరమ్మా. అమ్మ ఇది చెయ్యగలదా, చెయ్యలేదా? నువ్వు ఊఁ అంటే ఇప్పుడే ఫోను చేసి లైట్లు వేయిస్తాను."

కోడలు అత్తగారి వైపు చూసింది. ఊఁ అంటే రేపు అంతమంది ముందు అత్తగారిని తీసుకెళ్ళి ఆ చీకట్లో నిలబెట్టినట్టే. ఎందుకు వద్దో చెబితే, ఇంత నమ్మి చెప్పిన మాటను గడప దాటకముందే బయటపెట్టినట్టు. ఇక మిగిలింది ఒక్కటే దారి. మా అత్తగారికి నటన రాదు సార్ అని ఆవిడ ముందే అనడం. ఇదివరకు కడుపుమంటతో ఆడిన అబద్ధాన్నే, ఈసారి ప్రేమతో ఆడటం. ఆమె ఆ మాట అనబోయింది.

అప్పుడు అత్తగారు ఆమె మోచెయ్యి మీద తట్టింది. కాయితాన్ని ఆమె వైపుకు వంచి, జమీందారుకు వినపడకుండా, చెవి దగ్గరగా వచ్చి అడిగింది.

"అమ్మాయ్, ఇందులో నా మాటలేవి?"

కోడలు కాయితం చూసింది. పైనుంచి కింది దాకా అందులో ఉన్నవన్నీ ఆవిడ మాటలే. ఇంకెవరిదీ ఒక్క మాట లేదు.